కొండలు కుప్పల్లా వస్తున్నాయా?

ప్రశ్న: బ్లాకులు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో కొండవీడు కొండల్లాంటి వరస కడుతున్నాను. ఎంత చేసినా ధాన్యపు రాశుల్లా, మెట్లు మెట్లుగా వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒక్కో కొండనీ కింది నుంచి గుండ్రంగా పేర్చుకొస్తే రాశే అవుతుంది. ముందు వెన్ను వేయండి. ఎర్ర ఉన్ని బ్లాకులతో శిఖరాల మీదుగా వంకరటింకరగా ఒక గీత గీసి, శిఖరానికీ శిఖరానికీ మధ్య 15, 20 బ్లాకులు కిందికి దించండి. ఆ వెన్ను నుంచి రెండు పక్కలకీ పాయలు, అంటే చిన్న గట్లు, దించండి, ఎదురెదురుగా మాత్రం వద్దు. పాయల నడుమ పల్లాలే వాగులు. కొండకి ప్రాణం అక్కడే ఉంది, తొందరపడకండి.

ఆటలోని ఎత్తు లెక్కలో సముద్రమట్టం 63 దగ్గర, కట్టడానికి పైహద్దు 320. శిఖరం 180 దాటకపోతే మన కొండల పోలిక వస్తుంది.

మెట్లు పోవాలంటే వర్ల్డ్‌ఎడిట్‌లో (ఒకేసారి చాలా బ్లాకుల్ని మార్చే అదనపు సాఫ్ట్‌వేర్) నేలని నున్నగా చేసే స్మూత్ బ్రష్ వాడండి: వ్యాసార్థం 5, నాలుగు విడతలు. విడతలు పెంచితే శిఖరాలు అరిగిపోతాయి, అందుకే వాలుల మీదే వాడండి.

రాయి ఒకటే పోస్తే సిమెంటు గోడలా ఉంటుంది. స్టోన్ 60, ఆండసైట్ 25, టఫ్ 15 శాతం (మూడూ రాతి బ్లాకులే) కలపండి. గ్రావెల్ (కంకర బ్లాకు) కొండ పాదం దగ్గరే. కింద ఆధారం లేకపోతే జారిపడుతుంది.