55 రోజులైనా 200 కౌంటు దగ్గరే ఆగిన రొయ్య

ప్రశ్న: రెండెకరాల చెరువులో 2 లక్షల వనామి రొయ్య పిల్ల వేశాను. బోరు నీరు, ఉప్పుశాతం 5 (లీటరుకు 5 గ్రాములు). పంటకు 55 రోజులు. కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఇంకా 200 దగ్గరే ఉంది. రోజుకు 60 కిలోల మేత వేస్తున్నాను, ఇప్పటికి 1,200 కిలోలు అయింది. చచ్చిన రొయ్య కనబడలేదు. ఎదుగుదలకు మేతలో ఏం కలపాలి?
– రైతు, ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ప్రస్తుతానికి ఏమీ కలపకండి. ముందు మీ లెక్క చూద్దాం. 200 కౌంటు అంటే రొయ్య 5 గ్రాములు. నూటికి 75 బతికాయనుకుంటే చెరువులో ఉన్నది 750 కిలోలు. 5 గ్రాముల రొయ్య రోజుకు తన బరువులో 4–5 శాతం తింటుంది, అంటే చెరువు మొత్తానికి 30 నుంచి 37 కిలోలు. మిగతా మేత అడుగున కుళ్లి, తెల్లవారుజామున ఆక్సిజన్‌ను లాగేస్తుంది. చచ్చిన రొయ్య పైకి తేలకపోయినంత మాత్రాన అన్నీ బతికున్నట్టు కాదు. తోటి రొయ్యలే తినేస్తాయి. కాబట్టి మేతను 35 కిలోలకు దించి, రెండు గంటల తర్వాత చెక్ ట్రేలు (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లేలు) ఎత్తి చూసి, అవి చెప్పినట్టు పెంచండి.

తర్వాత చెరువు నాలుగు మూలలా, మధ్యలోనూ విసురు వల వేసి, వంద రొయ్యలను ఒక్కొక్కటిగా తూచండి. మొత్తం తూచి సగటు తీస్తే అసలు సంగతి దాగిపోతుంది. ఒకే వలలో 2 గ్రాములదీ 9 గ్రాములదీ పడితే నా అనుమానం ఇ.హెచ్.పి. (రొయ్య ఎదుగుదలను ఆపే సూక్ష్మ పరాన్నజీవి) మీదికే పోతుంది. ట్రేలో తెల్లని దారాల్లాంటి రెట్ట ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది, అయితే రెట్ట తెల్లబడటానికి వేరే కారణాలూ ఉన్నాయి. తేల్చేది ల్యాబ్‌లో ఆ జీవి జన్యుపదార్థాన్ని పట్టే పి.సి.ఆర్. పరీక్షే. చిన్న రొయ్యలనే ఏరి పంపండి.

ఇ.హెచ్.పి. తేలితే దానికి మందు లేదు. ఉందని డబ్బా చూపించేవారికి మీ డబ్బు ఇవ్వకండి. యాంటీబయాటిక్ జోలికి అసలే వెళ్లవద్దు, అది ఈ జీవిపై పనిచేయదు, పైగా సరుకు తిరస్కరణకు గురవుతుంది. వారం మేత ఖర్చు, ఆ వారం పెరిగిన బరువుకు వచ్చే ధర పక్కపక్కన రాసుకోండి. ఖర్చే ఎక్కువైతే రొయ్యను పట్టి అమ్మేయండి.

పరీక్షలో ఏమీ లేక, రొయ్యలన్నీ ఒకే సైజులో చిన్నగా ఉంటే నీటిని చూడాలి. బోరు నీటిలో ఉప్పు ఉన్నా, పొటాషియం, మెగ్నీషియం తరచూ చాలవు. దాంతో గుల్ల విడిచిన రొయ్య త్వరగా గట్టిపడదు. మీ ఉప్పుశాతానికి పొటాషియం 50 పిపిఎం (లీటరుకు మిల్లీగ్రాములు), మెగ్నీషియం 190 పిపిఎం దరిదాపుల్లో ఉండాలి. ల్యాబ్ రిపోర్టులో ఎంత తక్కువైతే అంతే వేయండి. తెల్లవారుజామున 4 గంటలకు అడుగు నీటిలో ఆక్సిజన్ 4 పిపిఎంకు తగ్గకుండా ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పండి.

ఇ.హెచ్.పి. వచ్చిన చెరువైతే మళ్లీ పిల్ల వేసేముందు నల్లబురద తీసి, ఎండగట్టి, దున్ని, ఎకరాకు సుమారు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం చల్లి తడపాలి. మట్టి పి.హెచ్. 12 దాకా లేవాలి. ఈసారి పిల్లను మాత్రం పి.సి.ఆర్. రిపోర్టు చూశాకే ట్యాంకు నుంచి దింపించుకోండి.