చేట పట్టుకున్న అమ్మ, ముఖం లేని పిల్ల

ప్రియమైన అమ్మాయికి,

వందనాలు. నువ్వు పంపిన వ్యాసాన్నీ, దానితో జతచేసిన, అమ్మ చేటతో బియ్యం చెరుగుతున్న నీ చిత్రం ఫోటోనూ నాలుగు రోజులుగా బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. నీ భాష శుభ్రంగా ఉంది. అయితే చేట తీర్పుకు గుర్తు, బియ్యం నీతిమంతులకు గుర్తు, పొట్టు పాపులకు గుర్తు, అమ్మ తెల్లచీర పరిశుద్ధతకు గుర్తు అని వరసగా చెప్పుకుంటూ పోయిన చోట నాకు కోపం వచ్చింది. నాన్నగారు చనిపోయిన ఏడాదే ఈ బొమ్మ వేశానని మొదటి పేరాలో నువ్వే రాశావు. ఆ చీర మీ అమ్మ ఎందుకు కట్టుకుందో నీకు తెలుసు. తెలిసీ దానికి పరిశుద్ధత అని పేరు పెట్టావు.

మత్తయి సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోయే క్రీస్తు చేతిలో ఏముందని చెప్పాడో చూడు. గ్రీకు మూలంలో ఉన్నది కళ్లంలో ధాన్యాన్ని గాలికి ఎగరేసే పంగలకర్ర. మన అనువాదకులు దాన్ని చేట చేశారు. ఆ ఒక్క మాటతో ప్రభువు మన అమ్మల పక్కకు వచ్చి కూర్చున్నాడు. అంత దగ్గరకు వచ్చినదాన్ని నువ్వు మళ్ళీ గుర్తుల పట్టికలోకి తోసేశావు. చెరిగేటప్పుడు అమ్మ మణికట్టు ఎలా విదిలిస్తుందో, చేట అంచున మిగిలిన మెరిగలను వేలితో ఎలా ఏరుతుందో బొమ్మలో అంత శ్రద్ధగా వేసిన నువ్వు, వ్యాసంలో వాటికి ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు.

నా నమ్మకం ఒక్కటే, ముప్పై ఏళ్ళుగా అదే చెబుతున్నాను: తాను వేసిన చిత్రంలో దేవుణ్ణి వెతికేవాళ్ళు ముందు అందులో తామెక్కడ నిలబడ్డారో చెప్పాలి. 1633 ప్రాంతంలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ సిలువను ఎత్తే దృశ్యం వేసినప్పుడు, నీలి దుస్తుల్లో ఆ మానుకు చేయి వేసి పైకెత్తుతున్న మనిషికి తన ముఖమే ఇచ్చాడు. ప్రభువును సిలువ వేసినవాళ్ళలో నేనూ ఉన్నానని ఒప్పుకోవడానికి ఆయనకు వేరే వివరణ అవసరం కాలేదు. 1890లో ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీ మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతూ చిత్రకారుడు వాన్ గో, చనిపోయిన లాజరును క్రీస్తు లేపే దృశ్యంతో అదే రెంబ్రాంట్ చెక్కిన చిత్రాన్ని తిరిగి వేశాడు. అందులో క్రీస్తు కనిపించడు, సూర్యుడు మండుతుంటాడు. సమాధిలోంచి లేస్తున్న లాజరుకు మాత్రం వాన్ గో లాంటి ఎర్రగడ్డం ఉంటుంది. ఆ గడ్డం చూసినప్పుడల్లా నాకు ప్రార్థన విన్నట్టే ఉంటుంది.

ఇరవై ఏడేళ్ళ వయసులో నేనూ నీలాగే రాశాను. తాపీపని చేసే మా నాన్న చేతులను బొగ్గుతో గీసి, ఆ బొమ్మ గురించి ఒక క్రైస్తవ మాసపత్రికకు వ్యాసం పంపాను. సున్నం తిన్న గోళ్ళ సంగతి భక్తికి అడ్డం వస్తుందని, పేరాకొక వచనం ఉండాలని సంపాదకుడు ఉత్తరం రాశాడు. డిసెంబరు వస్తే నక్షత్రం, కొవ్వొత్తి తప్ప మరో బొమ్మ వేయని పత్రిక అది. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో అడిగినట్టే మార్చి ఇచ్చాను. చదువు రాని మా నాన్నకు అచ్చయిన వ్యాసం చదివి వినిపిస్తే, చివరిదాకా విని, ‘ఇందులో నేనెక్కడున్నానురా?’ అన్నాడు. గోళ్ళ గురించి రాసిన కాగితాన్ని అప్పటికే పారేశాను. ఆయన బతికుండగా మళ్ళీ రాయలేకపోయాను.

నీ చిత్రంలో, అమ్మ చేటకు ఎడమవైపున, కింద పడ్డ నూకలు ఏరుతూ ఒక పిల్ల ఉంది. దానికి ముఖం లేదు. ‘పిల్ల ముఖం మూడుసార్లు గీసి మూడుసార్లు చెరిపేశాను’ అని ఐదో పేజీలో ఒక్క వాక్యం రాసి, వెంటనే పరిశుద్ధాత్మ ప్రస్తావనలోకి వెళ్ళిపోయావు. ఈ నాలుగు రోజులూ నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ వాక్యాన్నే.

వచనాలన్నీ పక్కన పెట్టి, ఆ మూడుసార్లూ ఏం జరిగిందో రాయి. మొదటిసారి గీసిన ముఖంలో ఏం కనిపించి చెరిపావు? చెరుపుతున్నప్పుడు అమ్మ ఇంట్లో ఉందా? పేజీలు ఎన్నయినా ఫరవాలేదు, చేతిరాతైనా చదువుతాను. రాశాక ముందు అమ్మకు వినిపించు, తర్వాత నాకు పంపు.

ప్రభువునందు,
నీ శ్రేయోభిలాషి