ఏడాది మారితే రుచి మారుతుందా? బర్గండీ వైన్‌పై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఫ్రాన్స్ నుంచి, అక్కడి బర్గండీ అనే ప్రాంతంలో చేసిన మూడు రెడ్ వైన్ సీసాలు తెచ్చారు. మూడూ జెవ్రే షాంబెర్తాన్ అనే ఊరివే, తయారుచేసినవాళ్లూ ఒకళ్లే. సంవత్సరాలే వేరు: 2018, 2021, 2022. వీటిలో 2021 మంచి ఏడాది కాదంటున్నాడు అల్లుడు. అయితే దాన్ని వంటలో వాడెయ్యమంటారా? అసలు తేడా కనిపెట్టేదెలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వంటలో మాత్రం పొయ్యకండి, నన్నడిగితే ముందు తెరవాల్సిందే అది. ఉలవపాడు మామిడి ఒకే తోటదైనా వాన పడిన ఏడాది ఒకలా, ఎండిన ఏడాది ఇంకోలా ఉండదూ, ఇదీ అంతే. 2021 ఏప్రిల్‌లో, చిగురు వేసే వేళకి అక్కడ మంచు పడి చాలా పంట పోయింది, ముందే చిగురేసే షార్డొనేకి, అంటే తెల్ల వైన్ ద్రాక్షకి ఇంకా పెద్ద దెబ్బ. ఆ పైన వానలు, బూజు తెగులు. అందుకే ఆ ఏడు వైన్ తక్కువ, ఉన్నది పల్చన. కానీ పల్చనైనంత మాత్రాన చెడ్డదైపోదు. ఎర్ర పళ్ల వాసన, నోట్లో చురుక్కుమనే పులుపు ఉంటాయి, కొందరికి అదే ఎక్కువ నచ్చుతుంది. 2018 బాగా ఎండ కాసిన ఏడు, ఆగస్టు నెలాఖరుకే చాలామంది కోతలు మొదలుపెట్టారు, కాబట్టి అది ముదురు పండు రుచితో, ఆల్కహాల్ వెచ్చదనం తెలిసేలా ఉంటుంది. 2022 కూడా ఎండల ఏడే, కానీ పంట బాగా పండింది.

మూడూ ఒకేసారి రుచి చూసేట్టయితే తేలికైనదానితో మొదలుపెట్టండి: 2021, తర్వాత 2022, చివర్లో 2018. బరువైనది ముందు తాగితే తర్వాతది నీళ్లలా అనిపించి పాపం దానికి అన్యాయం జరుగుతుంది. గ్లాసులో మూడో వంతుకి మించి పొయ్యకండి, తెల్లకాగితం మీద వంచి అంచు చూడండి. ఈ రెడ్ వైన్ చేసే ద్రాక్ష పీనో న్వార్, దాని తోలు పల్చన, రంగు లేతగా ఉందని నకిలీ అనుకోవద్దు. అంచు ఇటుక రంగుకి తిరిగితే వయసు తెలుస్తోందన్నమాట, ఇంకా కుర్రదైన 2022లో అది కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల పాడైంది, ఉడికిన జామ్ వాసన వస్తే ఎండకి పాడైంది.

నాకున్న టెన్షన్ అంతా ఈ రెండోదాని గురించే. 2021 బాగోలేదు, 2018 బాగుందన్న చర్చ కంటే మన మే నెల ఎండ పెద్ద విషయమండీ. పుస్తకాల్లో రెడ్ వైన్‌ని గది వేడిమిలో ఇవ్వాలని రాస్తారు, ఆ గది యూరప్‌ది, కావలిది కాదు. సీసాలు బీరువా పైన ఉంటే ఇప్పుడే దించి, చల్లగా చీకటిగా ఉండేచోట అడ్డంగా పడుకోబెట్టండి, దాచడానికి 12–13 డిగ్రీలు ఉంటే మంచిది. సీసా అంతకన్నా వేడిగా ఉంటే తాగే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, 15–16 డిగ్రీలకి వస్తే చాలు.

ప్రశ్న: బర్గండీ రెడ్ వైన్‌తో నెల్లూరు చేపల పులుసు తినొచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: తినండి, కానీ వైన్ రుచి చూడటం అయిపోయాక. చింతపండు, కారం పడ్డ నోటికి రెడ్ వైన్ చేదెక్కుతుంది. వేయించిన వంజరం పక్కన షాబ్లీ లాంటి తెల్ల బర్గండీ బాగా కుదురుతుంది.

ప్రశ్న: తెలిసినాయన ఒకరు 2003 నాటి ప్రీమియర్ క్రూ రెడ్ చవగ్గా ఇస్తానంటున్నారు. ప్రీమియర్ క్రూ అంటే అన్నిటికన్నా పైది కదా, కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇవి బర్గండీలో ద్రాక్షతోటలకిచ్చే స్థాయిలు. అన్నిటికన్నా పైది గ్రాండ్ క్రూ, ప్రీమియర్ క్రూ దాని తర్వాతిది. 2003లో యూరప్ అంతా వడగాలులు, బర్గండీలో ఆగస్టులోనే కోతలు. చాలా వైన్లలో పులుపు తగ్గి చిక్కగా, బరువుగా వచ్చాయి. ఆయన్ని ధర అడిగే ముందు ఇన్నేళ్లూ ఎక్కడ పెట్టారో అడగండి. మామూలు గదిలోనే ఉందంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. చల్లటి సెల్లార్‌లోనే, అంటే వైన్ దాచే గదిలోనే ఉందంటే సీసాని నిలబెట్టి వెలుతురులో చూడండి: వైన్ మట్టం మెడ దాటి భుజం దాకా దిగిపోయినా, బిరడా పైకి తన్నుకొచ్చినా, సీసా మూతికి చుట్టిన రేకు కింద జిగురుగా కారిన మరక ఉన్నా కాఫీ తాగి ఇంటికొచ్చెయ్యండి.