బ్యారన్ దగ్గర రాత్రిళ్లు వినడానికి ఎలాంటి బ్లూటూత్ స్పీకర్ కొనాలి?

టంగుటూరు దగ్గర మీకు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఎండబెట్టే గది) ఉందని, క్యూరింగ్, అంటే ఆకు ఎండబెట్టే రోజుల్లో మీ నాన్నగారు రాత్రంతా పొయ్యి దగ్గరే ఉంటారని రాశారు. ఆయన ఫోన్‌లో పాత పాటలు, ప్రవచనాలు వింటారు, ఆ శబ్దం చాలడం లేదు, రెండు మూడు వేలలో మంచి స్పీకర్ చెప్పమన్నారు. ఎన్ని వాట్లు ఉండాలని కూడా అడిగారు. మాదీ కొండపి వైపే, మాకూ బ్యారన్ ఉంది. మా అక్కావాళ్లకు విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. రెండు చోట్లా ఈ స్పీకర్లు వాడుతున్నాం కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

వాట్ల లెక్క ఆఖరికి పెట్టుకోండి. స్పీకర్ ఎక్కడ ఉంటుంది, అందులో ఏం వింటారు అన్నదే ముందు తేల్చుకోవాలి. మన దగ్గర స్పీకర్‌ను చంపేవి దుమ్ము, వేడి, ఉప్పుగాలి. డబ్బా మీద ఐపీ అని రెండంకెలు వేసి ఉంటాయి, అవి చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. ఐపీ67 అంటే దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అని ఉంటే నీళ్ల సంగతి అంతే, కానీ దుమ్ముకి ఏ భరోసా ఇవ్వలేదని అర్థం. బ్యారన్ దగ్గర బూడిద, ఆకు పొడి ఎలా ఎగురుతాయో మీకు తెలుసు. అందుకే మీకు ఆ ఎక్స్ ఉన్నది వద్దు, 6 ఉన్నదే కావాలి.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. లోపల ఉండేది లిథియం బ్యాటరీ. 45 డిగ్రీలు దాటిన చోట దాన్ని చార్జింగ్ పెట్టకూడదు, 60 దాటిన చోట అసలు ఉంచకూడదు. ఈనెలు ఎండే దశలో బ్యారన్ లోపల 70 డిగ్రీల దాకా పోతుంది, పొయ్యి వైపు గోడ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. చలికాలం కదా అని చాలామంది ఆ గోడ పక్కనే చార్జింగ్ పెట్టేస్తారు. మా వీధిలో ఒకరి స్పీకర్ అలాగే పోయింది. అడుగు భాగం ఉబ్బి, బల్ల మీద పెడితే ఊగేది, రబ్బరు కాళ్లు రెండు నేలకి ఆనేవి కావు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జింగ్ పెడితే నిప్పంటుకోవచ్చు. నాన్నగారికి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి: చార్జింగ్ ఇంటి దగ్గరే, బ్యారన్ దగ్గర వినడం మాత్రమే, అదీ పొయ్యికి దూరంగా, ఆకు అల్లే పందిరి కింద.

అక్కావాళ్ల దగ్గర బాధ వేరు. ఐపీ పరీక్ష మంచినీళ్లతో చేసేది, ఉప్పునీటికి ఆ హామీ లేదు. మా బావ స్పీకర్‌కి రబ్బరు మూత ఊడిపోయాక కొన్నాళ్లకే చార్జింగ్ పిన్ను దగ్గర పచ్చటి చిలుము పట్టింది. కేబుల్‌ను ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే లైటు వెలిగేది. మూత బిగుతుగా ఉన్న మోడల్ తీసుకుని, రోజూ తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టడం మొదలుపెట్టాక రెండోది బాగానే నడుస్తోంది. టంగుటూరుకీ సముద్రం మరీ దూరమేం కాదు, మీకూ ఈ అలవాటు పనికొస్తుంది.

ఇక శబ్దం. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దాన్ని కొలిచే లెక్క), చెవికి కాస్త తేడా తెలుస్తుంది అంతే. ఆరుబయట మనం రెట్టింపు దూరం జరిగితే మాత్రం 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. కాబట్టి ఎక్కువ వాట్లు కొనేకంటే స్పీకర్‌ను మంచం దగ్గరికి జరుపుకోవడమే మేలు. అంగట్లో వెయ్యి వాట్లు అని స్టిక్కర్ వేసినవి కనిపిస్తాయి, అది పీఎంపీఓ, అంటే ఒక్క క్షణం వచ్చే గరిష్ఠ శక్తి పేరుతో పెంచి చెప్పే లెక్క, దాన్ని పట్టించుకోకండి. ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే అసలు వాట్లు, ఎంతో అడగండి. జేబీఎల్ గో 3 లాంటి పేరున్న చిన్న స్పీకరే 4.2 వాట్లు. ఒక్క మనిషి పక్కన కూర్చుని వినడానికి 5 నుంచి 10 వాట్లు ఎక్కువే. రొయ్యల గుంట దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటే ఆ హోరుకి ఇది చాలదు, అది వేరే లెక్క.

ప్రవచనాలు వినేవాళ్లకి బేస్ అక్కర్లేదు, మాట స్పష్టంగా ఉండాలి. చాలా స్పీకర్లు కుర్రవాళ్ల కోసం బేస్ పెంచి చేస్తున్నారు, వాటిలో పెద్దవాళ్ల గొంతు కుండలోంచి మాట్లాడినట్టు వస్తుంది. ఆన్‌లైన్‌లో రేటు చూసుకోండి కానీ కొనేముందు ఒంగోలులో ఒక షాపుకి వెళ్లి మీ ఫోన్‌తో మీరే వినండి. షాపువాళ్లు పెట్టే డీజే పాట వద్దు. నాన్నగారు రోజూ వినే ప్రవచనమే పెట్టి, సౌండ్ ముప్పావు దాకా పెంచి, స్పీకర్ పట్టుకుని గుమ్మం బయటికి రండి. లోపల గోడల వల్ల బాగా గంభీరంగా అనిపించింది బయటికి రాగానే పలచబడుతుంది. అక్కడ కూడా ప్రతి మాటా తెలుస్తుంటే, గరగర లేకుంటే తీసుకోండి. అవకాశం ఉంటే ఆయన్నే వెంట తీసుకెళ్లండి. ఆయన చెవికి నచ్చాలి కానీ మన చెవికి కాదు.

బ్యాటరీ గంటలు కంపెనీవాళ్లు రాసేది సగం సౌండ్‌లో పెట్టి చూసినవి. బాగా పెంచి వింటే అందులో సగం వచ్చినా సంతోషించాలి. గో 3కి కంపెనీ చెప్పేదే 5 గంటలు, రాత్రంతా కాపలాకి సరిపోదు. మీరు 12 గంటలు అని రాసి ఉన్నది చూడండి. మెమరీ కార్డు పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. పొలంలో సిగ్నల్ పోయినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా వినడం ఆగదు. బ్లూటూత్ మామూలుగా పది మీటర్లు అంటారు కానీ మధ్యలో బ్యారన్ గోడ వస్తే అంత రాదు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని అవతలికి తిరిగితే పాట తెగుతుంది. కార్డుంటే ఆ బాధ కూడా ఉండదు.

డబ్బా మీద, స్పీకర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. ఊరూపేరూ లేని సరుకు అక్కడే తేలిపోతుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి.

కొన్నాక చేయాల్సినవి రెండున్నాయి. ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్పీకర్ పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కి, ఫోన్ కాల్స్ అన్నది ఆఫ్ చేయండి. మీడియా ఆడియో మాత్రం ఉంచండి. లేకపోతే ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మాటలన్నీ కూలీల ముందు స్పీకర్‌లో వినిపిస్తాయి, పెద్దవాళ్లకి అది చాలా ఇబ్బంది. రెండోది కేబుల్. రెండు వైపులా టైప్ సీ ఉన్న కొత్త కేబుల్‌తో కొన్ని చౌక స్పీకర్లు చార్జింగ్ ఎక్కవు, పాడైందని టెన్షన్ పడతారు. డబ్బాలో ఇచ్చిన కేబుల్‌నే పాత 5 వోల్టుల చార్జర్‌కి పెట్టండి, ఎక్కుతుంది.

మోడల్ రెండు మూడు అనుకున్నాక ఇక్కడే పేర్లు రాయండి, ఐపీ అంకె, ఆర్ఎంఎస్ కూడా రాస్తే చూసి చెబుతాను.