స్పామ్ గుర్తు పడినా మెయిల్ ఇన్‌బాక్స్‌లోకే వస్తుంటే

మీ సొంత మెయిల్ సర్వర్‌లో స్పామ్‌అసాసిన్ (స్పామ్‌ను పసిగట్టే ప్రోగ్రామ్) గుర్తు పెడుతున్నా మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే పడుతోందని రాశారు. అయితే వడపోత బాగానే ఉందండీ. స్పామ్‌అసాసిన్ మెయిల్ పైభాగంలోని వివరాల్లో ఒక వరుస (హెడర్) రాసి ఊరుకుంటుంది. ఆ హెడర్ చూసి ఫోల్డరు మార్చాల్సింది, మెయిల్‌ను పెట్టెల్లో భద్రపరిచే డవ్‌కాట్‌లోని సీవ్ అనే వడపోత నియమాల వ్యవస్థ.

ముందు, మెయిల్‌ను అందుకునే ప్రోగ్రామైన పోస్ట్‌ఫిక్స్‌లో వర్చువల్_ట్రాన్స్‌పోర్ట్ (వచ్చిన మెయిల్‌ను ఎవరికి అప్పగించాలో చెప్పే సెట్టింగు) చూడండి. అది డవ్‌కాట్ ఎల్ఎంటీపీ సాకెట్‌ను (డవ్‌కాట్ మెయిల్ అందుకునే ద్వారాన్ని) చూపకపోతే మెయిల్ నేరుగా డిస్కులోకి వెళ్తుంది, సీవ్ కంటపడదు. అది సరిగానే ఉంటే, డవ్‌కాట్ సెట్టింగుల్లో ప్రోటోకాల్ ఎల్ఎంటీపీ విభాగంలోని మెయిల్_ప్లగిన్స్ వరుసలో సీవ్ చేర్చారా? ఎక్కువగా మరిచిపోయేది ఇదే. ఆ తర్వాత సీవ్_బిఫోర్ స్క్రిప్టులో (వాడుకరుల సొంత నియమాలకన్నా ముందు నడిచేది; ఈ సెట్టింగు పేరు డవ్‌కాట్ 2.3 వరకు), స్పామ్‌అసాసిన్ రాసే ఎక్స్-స్పామ్-ఫ్లాగ్ హెడర్ విలువ ‘యెస్’ అయితే ఫైల్‌ఇంటూ ఆదేశంతో జంక్ ఫోల్డరుకు పంపమని రాయండి. మొదటి వరుసలో ఫైల్‌ఇంటూ వాడతామని చెప్పే రిక్వైర్ ఉండాలి. స్క్రిప్టు మార్చిన ప్రతిసారీ రూట్‌గా (సర్వర్ నిర్వాహకుడి ఖాతాతో) దాన్ని కంపైల్ చేసే సీవ్‌సీ ఆదేశం నడపండి.

స్పామ్‌ను మీ జీమెయిల్‌కు మళ్లించే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. చెత్త పంపేది మీ సర్వరేనన్న ముద్ర పడితే, రేపు మీ అసలు మెయిళ్లు కూడా స్పామ్‌లోకే పోతాయి. స్పామ్‌అసాసిన్ ఇచ్చే స్పామ్ స్కోరులో 5 పాయింట్లు దాటినవన్నీ తొలగించడమూ వద్దు. ఆ డిఫాల్ట్ హద్దు దగ్గర అప్పుడప్పుడు మంచి మెయిళ్లూ చిక్కుతాయి, జంక్‌లో ఉంటే వెతికి తీసుకోవచ్చు.