జామీను సంతకం పెట్టే ముందు

బుజ్జమ్మకు,

అత్త ఆశీస్సులు.

16,347 పోస్టుల మెగా డీఎస్సీలో నీ పేరు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసిన రోజు వీధంతా చెప్పుకున్నాను. మన ఇంట్లో టీచరు ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. నిన్న మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. స్కూటీ కోసం చీటీలో చేరాలనుకుంటున్నావట. అది సరే. మీ స్కూల్లో ఒక మేడమ్ ఐదు లక్షల చీటీ పాడితే జామీను ఉంటానని మాట కూడా ఇచ్చావట. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే రెండోసారి చదువుతావని రాస్తున్నాను.

ముందు తేలికైనవి. పే స్లిప్‌లో చివరి అంకె ఒక్కటే చూడకు, కోతలు కూడా చదువు. సీపీఎస్ అనే పెన్షన్ పథకం కింద బేసిక్, డీఏల్లో 10 శాతం పోతుంది, ఏపీజీఎల్ఐ అనే గవర్నమెంటు జీవిత బీమా ప్రీమియం వేరు. ప్రతిదానికీ నామినీ పేరు రాయించు. మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకో, పండక్కీ పెళ్లికీ దాన్ని ముట్టుకోకు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నదాన్ని కాబట్టి నాకు నెలనెలా కట్టే ఆర్డీ మీద మక్కువ, నీకు నచ్చింది నువ్వు చూసుకో. క్రెడిట్ కార్డు తీసుకుంటే బిల్లు మొత్తం కట్టెయ్యి. "మినిమం డ్యూ" కట్టి ఊరుకుంటే మిగిలిన దాని మీద నెలకు నూటికి మూడు రూపాయలు, కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువే పడుతుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవాణ్ణి చూసి అయ్యో అనుకుంటాం కదమ్మా, ఇది అంతకంటే ఎక్కువ.

స్కూటీ షోరూంలో 10 శాతమే అంటారు. అది ఫ్లాట్ రేటా, తగ్గే అసలు మీద వేసే వడ్డీయా అని అడుగు. లక్ష అప్పుకు ఫ్లాట్ 10 శాతమైతే రెండేళ్లకు 20 వేలు వడ్డీ, నెలకు 5,000 కిస్తీ. సగం అసలు తీర్చేశాక కూడా మొత్తం లక్షకే వడ్డీ కడుతుంటావు. లెక్క తీస్తే అది దాదాపు 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు పెట్టింది. అందులో ఏపీఆర్ అని ఉంటుంది, అన్ని చార్జీలూ కలిపిన అసలు రేటు అదే. ఆ అంకె చూశాకే సంతకం.

చీటీ చెడ్డదని నేననను. ఐదు లక్షల చీటీ, యాభై మంది, నెలకు 10,000 అనుకో. నెలనెలా జరిగే వేలంలో ఎవరైనా లక్షన్నర తగ్గించి పాడితే చేతికి మూడున్నర లక్షలు వస్తాయి. ఆ లక్షన్నరలోంచి, మొత్తం ఐదు లక్షల మీద 5 శాతం కమీషన్ కింద 25 వేలు కంపెనీకి పోతే, మిగిలిన లక్షా పాతికవేలు యాభై మందికీ తలా 2,500 చొప్పున డివిడెండ్. ఆ నెల నువ్వు 7,500 కడితే చాలు. చిట్ రిజిస్ట్రార్ అనుమతి ఉన్న చీటీ అయితేనే చేరు, అనుమతి నంబరు అడుగు. ఇళ్లలో నడిపే చీటీలకు నువ్వు దూరం.

ఇక జామీను. మీ నాన్న ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. నేను రాస్తున్నానని తనకు తెలుసు, రాయమన్నాడు.

నువ్వు ఇంకా పుట్టలేదు. నాన్న హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు. తోటి టీచరు ఒకాయన లక్ష రూపాయల చీటీ మొదట్లోనే పాడాడు. పాడినవాళ్లకు డబ్బు ఇవ్వాలంటే గవర్నమెంటు ఉద్యోగుల జామీను కావాలి. కంపెనీ గుమాస్తా స్టాఫ్ రూంకే వచ్చాడు. ఫారాల మీద పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి తెచ్చాడు, "మార్కు ఉన్న చోటల్లా పెట్టెయ్యండి మాస్టారూ" అన్నాడు. వాటిలో ఒకటి ప్రామిసరీ నోటు, అంకె రాయాల్సిన చోట ఖాళీ. బెల్లు కొట్టారు, నాన్న నిలబడే సంతకాలు పెట్టి క్లాసుకు వెళ్లిపోయాడు.

ఆ పాడినాయన మోసగాడు కాదు తల్లీ. ఆయన భార్యకు జబ్బు చేసింది, డబ్బంతా ఆసుపత్రికి పోయింది. పది వాయిదాలు కట్టి ఆగిపోయాడు. మిగిలిన నలభై వాయిదాలు, 2,000 చొప్పున 80 వేలు. వాయిదా తప్పినవాళ్లకు డివిడెండ్ కూడా పోతుంది కాబట్టి ఒక్క రూపాయీ తగ్గలేదు, పైన వడ్డీ, కోర్టు ఖర్చులు. ముందు ఆయన దగ్గర వసూలు చేసుకుని, రాకపోతే కదా మా దగ్గరికి రావాలి అని నాన్న వకీలు దగ్గరికి వెళ్లాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉందట, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకీ అంతే. ఎవర్ని ముందు అడగాలన్నది అప్పిచ్చినవాడి ఇష్టం.

జీతం అటాచ్ చెయ్యమని కోర్టు ఆర్డరు హెడ్మాస్టరు టేబుల్ మీదకు వచ్చింది. జీతంలో దాదాపు మూడో వంతు కోత. ఒకే డిక్రీ, అంటే కోర్టు తీర్పు కింద 24 నెలలకు మించి కొయ్యకూడదని చట్టం, ఆ 24 నెలలూ కోశారు. అప్పట్లో జీతం చేతికిచ్చేవారు. అందరూ సంతకం పెట్టే అక్విటెన్స్ రోల్‌లో నాన్న పేరుకు ఎదురుగా "కోర్టు రికవరీ" అని, పక్కన అంకె. స్టాఫంతా చూసే కాగితం అది. నాన్న సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టింది అప్పుడే. నీకు చదువు చెప్పడానికి టైము లేదని చిన్నప్పుడు నాన్న మీద అలిగేదానివి. ఆ రెండేళ్లలో చేసిన చేబదుళ్లు తీరడానికి ఇంకా చాలా కాలం పట్టింది, అందుకే ట్యూషన్లు ఆగలేదు. ఆ చీటీ పాడినాయన్ను మాత్రం నాన్న ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఎదురైతే ఇద్దరూ తల దించుకునే మాట్లాడుకుంటారు.

మీ మేడమ్ ఎంత మంచిదో నేను అడగను. ఆవిడ ఆరో నెలలో పాడి కట్టడం ఆపేస్తే నీ మీద పడేది 44 వాయిదాలు, 4,40,000. ఆ డబ్బు నీ దగ్గర ఉందా? లేనప్పుడు నువ్వు మాటిచ్చింది ఏ ధైర్యంతో? కొత్త ఉద్యోగి పే స్లిప్‌కు అప్పులిచ్చేవాళ్ల దగ్గర ఎంత గిరాకీయో నీకు ఇంకా తెలియదు. చీటీ ఒకటే కాదు, బ్యాంకు లోనుకు గ్యారంటీ ఉన్నా అది నీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఎక్కుతుంది. వాళ్లు కట్టకపోతే రేపు నీ ఇంటి లోనుకు అడ్డొస్తుంది.

ఆవిడకు నిజంగా అవసరముంటే నీ జీతంలోంచి ఓ ఐదు వేలు ఇవ్వు. తిరిగి రాకపోయినా బాధపడనంతే ఇవ్వు. జామీను మాత్రం "మా ఇంట్లో ఒప్పుకోలేదండీ" అని చెప్పెయ్యి. మా అత్త గట్టిది అని నా మీద పెట్టు. నాలుగు రోజులు మాట్లాడకపోతే మాట్లాడకపోనీ, నువ్వు బడికి వెళ్లేది పిల్లల కోసం.

పే స్లిప్ జిరాక్సు, ఆధార్ కాపీ ఇచ్చి ఉంటే రేపే వెనక్కి అడుగు. ఇప్పటికే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టి ఉంటే దాచకు, నేను తిట్టను. ఇది చదవగానే ఫోన్ చెయ్యి. చీటీ డబ్బు ఆవిడ చేతికి రాకముందే కంపెనీకి లెటరు ఇద్దాం, మొదటి బస్సుకే బయల్దేరి వస్తాను.

నీ అత్త