ఆధారిత నిష్పత్తి 36 ఎందుకొచ్చింది?

తమ్ముడూ, దేవరకొండ దగ్గర మీ ఊరి సర్వేలో ఆధారిత నిష్పత్తి (పనిచేసే వయసువాళ్లు ప్రతి వందమందికి పిల్లలు, ముసలివాళ్లు కలిపి ఎంతమంది ఉన్నారనే లెక్క) 36 వచ్చిందని, మేడమ్ తప్పన్నారని రాశావు కదా. తేడా భాగహారంలోనే ఉంది. పిల్లలు 250, ముసలివాళ్లు 110 కలిపి మొత్తం జనాభా 1000తో భాగించావు, భాగించాల్సింది పనిచేసే వయసువాళ్లతో, అంటే 640తో. 360ని 640తో భాగించి 100తో గుణిస్తే 56.25. పిల్లలది 39, వృద్ధులది 17 అని విడిగా కూడా రాయి, లేకపోతే ఊరికి బడి ముఖ్యమో పింఛన్ ముఖ్యమో ఆ ఒక్క అంకెలో తెలీదు.

పనిచేసే వయసు హద్దు ఐక్యరాజ్యసమితి లెక్కల్లో ఎక్కువగా 15–64, మన దగ్గర 60 దాటితే వృద్ధులు కాబట్టి 15–59. ఏదో ఒకటే పట్టుకో.

ఇంకోటి, సర్వే ఎండాకాలంలో చేశావా? మన వైపు, పాలమూరులో అయితే మరీ, వయసులో ఉన్నవాళ్లు ముంబై, పుణె వలసపోతే ఇంటి దగ్గర అవ్వాతాతలు, పిల్లలే దొరుకుతారు, నిష్పత్తి అమాంతం పెరిగిపోతుంది. వలసపోయినవాళ్లని లెక్కలో కలిపావో లేదో ఒక లైన్ రాసెయ్. డెబ్బై ఏళ్ల అవ్వ ఇంకా పత్తి ఏరుతోంది కదా అని ఆమెను 640లోకి జరపకు, ఇది వయసు లెక్క, సంపాదన లెక్క కాదు. వయసు లెక్కన డిగ్రీ చదివే నువ్వూ పనిచేసేవాడివే.